ఊరంతా బావగారే

ఆ వీధిలో ఆమెను అందరూ అక్షరాలక్క అనేవారు. అసలు పేరు బిల్లుల మీద తప్ప ఎక్కడా వినపడేది కాదు. కొత్తగా దుకాణం పెట్టేవాళ్ళు ముందు గది అద్దెకు తీసుకుని, గోడలకు రంగు వేయించుకుని, ఆ తరవాత ఇనుప సామాన్ల కొట్టు పక్కనుంచి పైకి పోయే ఇరుకు మెట్లెక్కి వచ్చేవారు. అక్క వాళ్ళకి లోగో గీసి ఇచ్చేది. అదే గదిలో, ఆమె బల్లకి ఎదురుగా వేసిన బల్ల మీద, చెల్లెలు వాళ్ళ వెబ్‌సైటు తయారుచేసేది. ఇద్దరికీ క్షణం పడదని వాళ్ళమ్మ అందరితో చెప్పుకునేది. నిజమే, పడేది కాదు. ఒకరు రాని రోజున రెండోవాళ్ళకి పనీ సాగేది కాదు.

చదువు అవగానే అక్క ఒక లేబుళ్ళ ప్రెస్సులో చేరింది. సబ్బు పెట్టెలు, నోటు పుస్తకాల అట్టలు, మందు సీసాలకు అంటించే కాగితాలు. వాటి మీద మాటలు పేర్చడం ఆమె పని. అక్కడున్న ఫాంట్లు ఒక్కటీ ఆమెకు నచ్చేది కాదు. ఒకదాంట్లో తలకట్లు గాలికి తిరగబడ్డ గొడుగుల్లా ఉండేవి. ఒకదాంట్లో ‘వ’ ఏదో ‘మ’ ఏదో తేలాలంటే కాగితం ముక్కుకి ఆనించుకోవాలి. మరొకటి మరీ బండగా ఉండి, అక్షరం చిన్నదైతే చాలు, లోపలి ఖాళీలన్నీ పూడిపోయి చీమలబారులా కనపడేది. యజమానికి చెబితే, సబ్బు కొనేవాడు తలకట్టు చూసి కొంటాడా అని నవ్వాడు.

వెతగ్గా వెతగ్గా ఆమెకొక ఫాంటు దొరికింది. ఎవరు గీశారో ఆమెకు తెలియదు. నమూనా కోసం వేసిన పేజీలో మొట్టమొదట ‘ళ’ కనపడింది. మెలిక తిరిగిన చోట గీత సన్నబడి, మళ్ళీ నింపాదిగా ఒళ్ళు చేసి, చివర ఎక్కడ ఆగాలో తెలిసినట్టు ఆగింది. ఆమె కుర్చీ ముందుకి లాక్కుని తక్కినవన్నీ చూసింది. ‘క్ష’ ఎంత చిన్నది చేసినా చెదరలేదు. ‘ఠ’లో చుక్క సరిగ్గా నడిమధ్యన, ఊపిరాడేంత చోటుతో ఉంది. తలకట్లు అక్షరం మీద వాలి కూర్చున్నాయి తప్ప నెత్తిన మొట్టినట్టు లేవు. ఆ మధ్యాహ్నం ఆమె భోజనం సంగతి మరిచిపోయి, తోచిన మాటలన్నీ ఆ ఫాంటులో కొట్టుకుంటూ కూర్చుంది. తన పేరు, అమ్మ పేరు, చెల్లెలి పేరు. చెల్లెలి పేరు అన్నిటికన్నా బాగా కుదిరింది. దానికి కొంచెం కుళ్ళుకుంది కూడా.

సొంతంగా ఆఫీసు పెట్టాక ఆ ఫాంటే ఆమె చెయ్యి అయింది. ఎవరొచ్చినా మూడు నమూనాలు చూపించేది. రెండు వేరే ఫాంట్లవి, ఒకటి దానిది. మొదటి రెంటినీ శ్రద్ధగానే చేసేది, కానీ మూడోదాన్ని ప్రేమతో చేసేది. వచ్చినవాళ్ళ వేలు మూడోదాని మీదే పడేది. కళ్ళజోళ్ళ దుకాణానికి ‘ళ’ మెలికల్నే కళ్ళజోడుగా మలిచింది. సైకిళ్ళ కొట్టుకి ‘ర’ని చక్రంలా దొర్లించింది. పళ్ళ డాక్టరుకి, చిన్నపిల్లల బడికి, టీ పొడి పొట్లాలకి అన్నిటికీ అదే ఫాంటు. ఒకచోట ఒళ్ళు పెంచి, ఒకచోట సన్నబరిచి, ఒకచోట మూల కొంచెం గుండ్రం చేసి వాడేది.

చెల్లెలు మొదట్లో ఊరుకుంది. తరవాత ఊరుకోలేదు. అప్పటికి చెల్లెలికి పెళ్ళయింది. అక్క వచ్చిన సంబంధాలన్నీ ఏదో ఒక వంకతో తిప్పి పంపిస్తోంది. ఒకరోజు బడి లోగో తెర మీద చూసి చెల్లెలు గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది.

“అమ్మ పాపం ఊరికే తిరుగుతోందే నీ సంబంధాల కోసం,” అంది. “నీకు ఎప్పుడో అయిపోయింది. ఈయనే మా బావ.”

ఆ రోజు నుంచి ఆ ఫాంటు పేరు బావగారు. పొద్దున్నే వచ్చి కంప్యూటరు తెరవగానే, బావగారు లేచారా అనేది. కొత్త పని వస్తే, బావగారికి ఈ సంబంధం కూడా ఖాయమేనా అనేది. చెల్లెలి మొగుడు కూడా ఆ మాట అందుకున్నాడు. తోడల్లుడు దొరికాడని, మనిషి మాత్రం పలకడని మురిసేవాడు. అక్క పైకి విసుక్కునేది. లోపల ఆ వేళాకోళం ఆమెకు ఇష్టం.

నవ్వుతూనే బావగారి చాకిరీ అంతా చెల్లెలే చేసేది. మన అక్షరాలకి గుణింతాలూ వత్తులూ కలిస్తే ఫాంటు బరువెక్కుతుంది. మొత్తంగా వెబ్‌సైటులో పెడితే, పాత ఫోన్లలో పేజీ తెరుచుకునేలోపు చూసేవాడు విసిగిపోతాడు. అందుకని చెల్లెలు ఒక్కో దుకాణం సైటూ ముందేసుకుని, అందులో ఏయే అక్షరాలు అవసరమో ఏరి, అవి మాత్రమే ఉంచి, తక్కినవన్నీ కత్తిరించి తేలికపాటి ఫాంటు తయారుచేసేది. కొత్త మాట చేరితే దానికి కావలసిన అక్షరాన్ని మళ్ళీ అతికేది. బావగారి వత్తులు కొంచెం పొడుగు. కింది వరస నెత్తిన గుచ్చుకునేవి. అన్ని సైట్లలోనూ వరసల మధ్య చోటు పెంచింది. మీ ఆయనకి కాళ్ళు చాపుకోవడానికి నేను మంచాలు వేయాలి అని గొణిగేది.

సాయంత్రం ఇద్దరూ బస్సు దాకా నడిచి వెళ్ళేవారు. దారికి రెండు వైపులా బోర్డులు. చెల్లెలు ఒక్కొక్కదానికీ చెయ్యెత్తి నమస్కారం పెట్టేది. పక్కనుంచి పోయేవాళ్ళు తిరిగి చూసేవారు. “చూడవే, ఊరంతా బావగారే. నువ్వెక్కడికెళ్ళినా నిన్ను కనిపెట్టుకునే ఉంటాడు,” అనేది.

చెల్లెలికి జ్వరం వచ్చినప్పుడు ఎవరూ కంగారు పడలేదు. ఇంటి నుంచే పని చేసింది. తలనొప్పి అంటే తెర చూసి చూసి వచ్చిందనుకున్నారు. ఆసుపత్రిలో చేర్చేసరికి అది మెదడుకి పాకిందన్నారు. అక్క వెళ్ళి మంచం పక్కన నిలబడితే గుర్తుపట్టినట్టే చూసింది గాని, మాట రాలేదు. డాక్టరు వరండాలోకి పిలిచి ఏదో చెప్పాడు. మరిది గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. అక్కకి ఏడుపు రాలేదు. చెల్లెలు చేయాల్సిన పళ్ళ డాక్టరు సైటు సగంలో ఉందని, ఆయనకి ఎవరు చెప్పాలని అడిగింది. ఎవర్నడిగిందో ఆమెకే తెలియదు.

అంత్యక్రియలు అయ్యాక, బంధువులూ తెలిసినవాళ్ళూ ఒకచోట చేరి చెల్లెల్ని తలుచుకోవాలని పెద్దవాళ్ళు అనుకున్నారు. అందరికీ పంచడానికి ఒక కార్డు కావాలి. ఫొటో, కింద పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, రెండు వాక్యాలు. మరిది ఆఫీసుకి వచ్చి చెల్లెలి కుర్చీలో కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు.

“బయటివాళ్ళ చేత చేయించనా అనుకున్నాను వదినా. కానీ తనకి నచ్చదు. మీరే చెయ్యండి.”

అక్క సరేనంది. కాదనడానికి ఏ కారణమూ తోచలేదు.

ముందు వేరే ఫాంట్లు పెట్టి చూసింది. ఒకదాంట్లో చెల్లెలి పేరు ప్రభుత్వ నోటీసులా ఉంది. ఒకదాంట్లో తగ్గింపు ధరల ప్రకటనలా ఉంది. సన్నటిది పెడితే ఫొటో కింద ఎవరో పరాయివాళ్ళ పేరు పొరపాటున పడినట్టుంది. ఆ పేరుని అలా చూడలేకపోయింది. చివరికి బావగారినే తెరిచింది. పేరు కొట్టగానే ఎక్కడివక్కడ ఒదిగి కూర్చున్నాయి అక్షరాలు. లేబుళ్ళ ప్రెస్సులో ఆ మధ్యాహ్నం ఎంత బాగా కుదిరిందో, ఇప్పుడూ అంత బాగానే కుదిరింది. ఆమెకు ఆ క్షణాన కలిగింది దుఃఖం కాదు. పని చక్కగా వచ్చినప్పుడు ప్రతిసారీ కలిగే తృప్తే కలిగింది. చెల్లెలి చావు కార్డు చూసుకుని తృప్తి పడ్డానని గ్రహించాక, లేచి మొహం కడుక్కుని వచ్చింది. మళ్ళీ కూర్చుని తేదీల మధ్య ఖాళీ సరిచేసింది.

కార్డు అందరి చేతుల్లోకి వెళ్ళింది. కళ్ళజోళ్ళాయన ఆమె దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, కార్డు చాలా బాగుందమ్మా, ఎంతైనా మీ చెయ్యి అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఇంకా ఒకరిద్దరు అదే మాట అన్నారు. ఆమె అందరికీ తల ఊపింది.

తరవాత మళ్ళీ ఆఫీసుకి వెళ్ళిన రోజు బస్సు దిగి ఎప్పుడూ నడిచే దారినే నడిచింది. మొదట పళ్ళ డాక్టరు బోర్డు వచ్చింది. దాన్ని చూసి ఆగింది. ఆగి ఎందుకు ఆగానో తెలియక నాలుగడుగులు వేసింది. సైకిళ్ళ కొట్టు. బడి గేటు. టీ పొడి పొట్లాల బొమ్మ వేసిన గోడ. అవన్నీ చెల్లెలి కార్డే. అదే వంపు, అదే తలకట్టు, అదే నింపాది. రాసినది పళ్ళ ఆసుపత్రి అనే అయినా, ఆ గొంతు మాత్రం ఫొటో కింద పేరు చదివిన గొంతే. వీధి పొడుగునా ఎవరో ఆ కార్డు పెద్దది చేసి అంటించినట్టుంది. అంటించింది తనే. ఒక్కో బోర్డూ తన చేత్తోనే, ప్రేమతో, ఏళ్ళ తరబడి.

తల వంచుకుని నడిచింది. మెట్ల దగ్గర ఇనుప సామాన్ల కొట్టతను పలకరిస్తే ఆగకుండా పైకి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి అదే తగ్గుతుందనుకుంది. తగ్గలేదు. ఫాంటు తెరవబోయి వేరే పనిలోకి వెళ్ళిపోయేది. అప్పుడే కళ్ళజోళ్ళాయన రెండో దుకాణం పెడుతున్నానని వచ్చాడు. కొత్తగా ఏమీ అక్కర్లేదు, పాత లోగో కింద కొత్త వీధి పేరు చేరిస్తే చాలన్నాడు. ఆమె అలా చేయలేదు. మొత్తం వేరే ఫాంటులో కొత్తది గీసి ఇచ్చింది. ఆయన తెర దగ్గరికి వంగి చూశాడు.

“ఇది మాది కాదమ్మా,” అన్నాడు. “జనం ఆ ‘ళ’ చూసే మా దుకాణం గుర్తుపడతారు.”

“అది ఇంక నేను వాడనండి.”

“ఎందుకని?”

ఆ మాటకి ఆమె దగ్గర జవాబు ఉంది. కానీ మీ బోర్డు చూస్తే మా చెల్లెలు పోయిందని ఎవరో మళ్ళీ చెబుతున్నట్టుంటుందని ఒక దుకాణదారుతో ఎలా అంటుంది? పాత బోర్డు కూడా తీసేయండి, కొత్తది ఊరికే చేసిస్తాను అంది. ఆయన మొహంలో జాలి కనపడింది. కోపం వచ్చినా బాగుండేది. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమ్మా అని చెప్పి, వెళ్ళి బోర్డులు రాసేవాడి చేత పాతదాన్నే చూసి అలాగే రాయించుకున్నాడు. ఆ కొత్త బోర్డు మీద ‘ళ’ కొంచెం వంకరగా వచ్చింది. అయినా అదే.

ఇంతలో వెబ్‌సైట్లు చెడిపోవడం మొదలైంది. నిజానికి చెడిపోలేదు. దుకాణాలవాళ్ళు కొత్త సరుకుల పేర్లు చేర్చుకుంటున్నారు. ఆ పేర్లలో చెల్లెలు కత్తిరించేసిన అక్షరాలు వస్తున్నాయి. అతకడానికి ఆమె లేదు. మాట మధ్యలో ఒక అక్షరం మాత్రం వేరే ఫాంటులోకి మారి, నలుగురి మధ్య నిలబడ్డ అపరిచితుడిలా కనపడేది. కొన్ని ఫోన్లలో అదీ లేదు, ఖాళీ డబ్బా కనపడేది. ఒకరి తరవాత ఒకరు ఫోన్లు చేశారు. అక్కకి ఆ పని రాదు. చెల్లెలు చేస్తుంటే వినడమే గాని ఏనాడూ నేర్చుకోలేదు. చెల్లెలి కంప్యూటరు తెరిచి చూస్తే, ఒక్కో దుకాణం పేరుతో ఒక్కో ముక్క ఫాంటు ఉంది. అన్నిటి పేర్ల ముందూ ‘బావ’ అని ఉంది. కళ్ళజోళ్ళ బావ. సైకిళ్ళ బావ. పళ్ళ బావ. ఆమె కంప్యూటరు మూసేసింది.

మరిది తనకు తెలిసిన వెబ్‌సైట్ల పనివాణ్ణి తీసుకొచ్చాడు. అతను నెమ్మదస్తుడు. చెల్లెలు చేసి పెట్టినదంతా చూసి, ఇంత ఓపిగ్గా చేసినవాళ్ళని చూడలేదన్నాడు. మళ్ళీ అలాగే నడవాలంటే అసలు ఫాంటు తెరిచి ఒక్కో సైటుకీ మొదటినుంచి కత్తిరించుకు రావాలి, పైగా ఎవరో ఒకరు ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండాలి అన్నాడు. లేదంటే ఆ ఫాంటు తీసేసి, ఫోన్లలో మామూలుగా వచ్చే అక్షరాలే కనపడేలా చేస్తే ఒక్క పూట పని.

“తీసేయండి,” అంది అక్క.

మరిది ఆమె వంక చూశాడు. “వదినా, అదంతా తను చేసిన పని.”

“తెలుసు.”

“కొన్నయినా ఉంచుదాం. ఆ బడిది ఒకటి ఉంచుదాం. తనకి అది ఇష్టం.”

“నాకు చూడాలని లేదు బాబూ. నాకు ఏదీ చూడాలని లేదు.”

పనివాడు చెల్లెలి కుర్చీలో కూర్చుని, ఒక్కో సైటే తెరిచి, బావగారిని తీసేసుకుంటూ పోయాడు. సాయంత్రానికి అయిపోయింది. అక్క తన ఫోనులో చూసుకుంది. ఎక్కడా ఆ అక్షరాలు లేవు. గుండె తేలికపడుతుందనుకుంది. వరసల మధ్య చెల్లెలు వేసిన చోటు మాత్రం అలాగే ఉండిపోయింది. మామూలు అక్షరాల పొట్టి వత్తులకి అంత చోటు అక్కర్లేదు. ప్రతి పేజీలోనూ వరసకీ వరసకీ మధ్య, ఎవరూ పడుకోని చోటు తెల్లగా కనపడింది. అప్పుడు అర్థమైంది ఆమెకి. చెల్లెలి చావుని చెరిపేద్దామనుకుని, చెల్లెలు చేసిన పనిని చెరిపేసింది. బోర్డులు ఎక్కడివక్కడే ఉన్నాయి. పోయింది చెల్లెలిదే.

మరిది ఆ తరవాత రావడం తగ్గించాడు. ఫోను చేస్తే మర్యాదగానే మాట్లాడేవాడు, బాగున్నారా వదినా అనేవాడు. తోడల్లుడి మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఒకసారి ఆమె, తప్పు చేశాను అనబోయింది. ఆ మాట పూర్తి కాకముందే అతను, పోనీలెండి, తీసేయకపోతే మాత్రం ఏమయ్యేది అన్నాడు. అది ఓదార్పో, నిష్ఠూరమో ఆమెకు తెలియలేదు.

ఇంట్లో అమ్మ ఆ కార్డుని అలమారు మీద గాజు గ్లాసుకి ఆనించి పెట్టుకుంది. వస్తూ పోతూ దాన్ని చూడక తప్పదు. వేరే అక్షరాల్లో ఇంకో కార్డు చేసి తెస్తాను, దీన్ని తీసెయ్యమ్మా అని అక్క అడిగింది.

“ఇంకోటి నాకెందుకే,” అంది అమ్మ. “అది చూస్తే మీరిద్దరూ కలిసి ఉన్నట్టుంటుంది. బొమ్మ దానిది, రాత నీది.”

అక్క దాన్ని గోడ వైపుకి తిప్పి పెట్టేది. కాసేపటికి చూస్తే మళ్ళీ ఇటు తిరిగి ఉండేది. కంచాల దగ్గర కూర్చున్నప్పుడు మాత్రం కూర గురించి, నీళ్ళు రాకపోవడం గురించి మాట్లాడుకునేవారు.

కొత్త పనులు రాలేదని కాదు. వచ్చినవి ఆమె చేయలేకపోయింది. ఏ ఫాంటు పట్టుకున్నా అది తనది కాదనిపించేది. వచ్చినవాళ్ళు నమూనాలు చూసి, బాగానే ఉన్నాయండి, ఆలోచించుకుని వస్తాం అనేవారు. రారని ఆమెకు తెలుసు. వాళ్ళ స్థానంలో తనున్నా రాదు. కొన్నాళ్ళకి గది ఖాళీ చేసింది. బల్లలు రెండూ కింది ఇనుప సామాన్ల కొట్టతను తీసుకున్నాడు. వాటిని విడదీసి దించుతుంటే, ఎదురెదురుగా వేసిన చోట నేల మీద రంగు మారకుండా ఉన్న నలుచదరం కనపడింది. ఆమె దాని మీదనుంచే నడిచి కిందికి దిగింది.

మందుల కంపెనీలకి పెట్టెలు తయారుచేసే ఆఫీసులో ఉద్యోగం దొరికింది. ఊరికి ఆ చివర. బస్సు వేరే దారిలో పోతుంది. అక్కడ మందు పెట్టెలో మడిచి పెట్టే పల్చటి కాగితం మీది రాత సరిచూడటం ఆమె పని. ఎంత వేసుకోవాలి, ఎప్పుడు వేసుకోకూడదు, ఏమైతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఏ అక్షరం, ఎంత సైజు అనేది పైవాళ్ళు ఏనాడో నిర్ణయించారు. ఆమెని ఎవరూ అడగరు. అందుకే ఆ ఉద్యోగం ఒప్పుకుంది. తప్పులు బాగా పట్టేది. పక్కవాళ్ళతో కలివిడిగా ఉండేది కాదు గాని, ఎవరినీ నొప్పించేదీ కాదు. ఆమె ఇదివరకు లోగోలు గీసేదని అక్కడ కొందరికి తెలుసు.

ఒకరోజు పెట్టెల డిజైను చూసే అమ్మాయి రెండు కాగితాలు పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. పిల్లల దగ్గు మందు పెట్టె మీద పేరు రెండు ఫాంట్లలో పెట్టి తెచ్చింది. తను తేల్చుకోలేకపోతున్నానని, పైవాళ్ళు ఈ ఒక్కసారికి తనకే వదిలేశారని చెప్పింది. మొహంలో ఉత్సాహం దాగడం లేదు.

“ఏది బాగుందంటారండీ?”

అక్క రెండు కాగితాలూ చూసింది. చూడగానే తెలిసింది. మొదటిదాంట్లో ‘గ్గు’ కింద వత్తు చక్కగా ఒదిగి, పేరంతా ఒక ఊపులో నిలబడింది. రెండోదాంట్లో గీతలు పెళుసుగా ఉన్నాయి, కొమ్ము వత్తు మీద పడి మసకబారింది. జ్వరంతో ఉన్న పిల్లని ఒళ్ళో వేసుకున్న తల్లి హడావిడిలో చదవాలంటే మొదటిదే ఉండాలి. ఎందుకో కూడా ఆమె చెప్పగలదు. ఆ మాటలు నాలుక చివర దాకా వచ్చాయి.

“ఏదైనా ఒకటే అమ్మా,” అంది.

ఆ అమ్మాయి కాగితాలు తీసుకుని, సరేనండి అని వెళ్ళిపోయింది. అక్క కాగితం వైపు తిరిగి, ఎక్కడ ఆపిందో వెతుక్కుని, మళ్ళీ చదవడం మొదలుపెట్టింది.

రెండోదే ఖాయం చేశారు. ఇప్పుడది మందుల షాపుల్లో దొరుకుతోంది.